చప్పుడు పెద్దదైతే జబ్బు పెద్దదా?

మా చిలకలగూడలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చినంతసేపూ గల్లీ అంతా హడావిడే. ఆ సందట్లో పిల్లలు దొరికితే నేనొక పని చెప్తుంటాను. రబ్బరు పైపు నల్లాకు తగిలించి, నీళ్లు వదిలి, పైపు మీద చెవి ఆనించి వినమంటాను. నీళ్లు సాఫీగా పారుతుంటే పెద్దగా ఏమీ వినపడదు. అదే పైపును మధ్యలో సగం దాకా నొక్కితే చాలు, నొక్కిన చోటు దాటాక 'స్స్...' మని మొదలవుతుంది. చెయ్యి పెడితే సన్నగా అదురు కూడా తెలుస్తుంది. నల్లా అదే, నీళ్లు అవే. దారి ఇరుకైంది కాబట్టి నీళ్లు వేగం పుంజుకుని దూసుకొచ్చాయి, ఇరుకు దాటగానే వెడల్పు దొరికేసరికి సుడులు తిరిగాయి. ఆ సుడులు పైపు గోడల్ని అదిరిస్తాయి, ఆ అదురే మనకు చప్పుడు. ఇంకా గట్టిగా నొక్కి పూర్తిగా మూసేస్తే మళ్లీ నిశ్శబ్దం. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పనుంది.

నేను డాక్టర్ని కాను. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో బోగీల చక్రాల మధ్య బతికి రిటైరైన మనిషిని. అయినా బళ్లు తెరిచిన కొన్నాళ్లకు ఎవరో ఒక తల్లి హెల్త్ కార్డు పట్టుకుని మా అరుగు మీదకు వస్తుంది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్లు అంగన్‌వాడీలకూ సర్కారు బడులకూ వెళ్లి పిల్లల్ని పరీక్షిస్తున్నారు. ఛాతీ మీద స్టెత్ పెట్టి విన్నాక కొందరి కార్డు మీద 'మర్మర్' అని రాస్తారు, పక్కన 2/6 అని వేస్తారు. ఒకావిడ ఆ అంకె చూసి, "ఆరుకు రెండే వచ్చాయా తాతా, మా వాడి గుండె ఫెయిలయినట్టేనా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ రెండు మార్కులు కావమ్మా, గట్టితనం. 1933లో శామ్యూల్ లెవిన్ అనే అమెరికన్ డాక్టరు, తన సహచరుడితో కలిసి ఈ చప్పుళ్లకు ఆరు మెట్లు కట్టాడు. మొదటి మెట్టంటే చెవి రిక్కిస్తే తప్ప వినపడనిది. నాలుగో మెట్టు నుంచి ఛాతీ మీద అరచెయ్యి పెట్టినా అదురు తెలుస్తుంది. ఆరో మెట్టులో స్టెత్‌ని చర్మం మీంచి కాస్త పైకెత్తినా వినపడుతూనే ఉంటుంది. మెట్టు చప్పుడుకే గానీ జబ్బుకు కాదు. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే సగం ఏడుపులు తగ్గుతాయి.

గుండె ఎవరి పిడికిలంత వాళ్లకు ఉంటుంది. నాలుగు గదులు, నాలుగు కవాటాలు. కవాటమంటే ఒకవైపే తెరుచుకునే తలుపు. పెద్దవాళ్లకు ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి వెళ్తుంది. నిమిషానికి 70 దెబ్బలనుకుంటే దగ్గర దగ్గర 5 లీటర్లు, రోజు మొత్తానికి లక్ష దెబ్బలు. పై గదులకూ కింది గదులకూ మధ్య ఉన్న రెండు తలుపులు మూసుకున్నప్పుడు 'లబ్'. గుండెలోంచి రక్తం బయటికి పోయే దారిలోని రెండు తలుపులు మూసుకున్నప్పుడు 'డబ్'. తెరుచుకునేటప్పుడు మామూలుగా చప్పుడుండదు. బాగున్న గుండెలో లబ్‌కీ డబ్‌కీ మధ్య మౌనం, డబ్‌కీ మళ్లీ వచ్చే లబ్‌కీ మధ్య ఇంకాస్త పొడుగు మౌనం. ఆ మౌనాల్లో ఎక్కడైనా గాలి ఊదినట్టో, బరబరమనో వినపడితే అదే మర్మర్.

ఈసారి డాక్టరు పరీక్షిస్తుంటే చూడండి, స్టెత్ ఛాతీ మీద ఉంటుంది, రెండో చేతి వేళ్లు ఒక్కోసారి మెడ పక్కన నాడి మీద ఉంటాయి. ఊరికే కాదు. మెడలో నాడి కొట్టే వేళకు గుండె బిగుసుకుంటోందని అర్థం. చప్పుడు దానితో పాటు వస్తే ఒక లెక్క, గుండె వదులై నిండుకునే వేళలో వస్తే ఇంకో లెక్క. నిండుకునే వేళ చప్పుడును ఏ డాక్టరూ తేలిగ్గా వదలడు, ఎకో, అంటే శబ్ద తరంగాలతో గుండెను చూసే పరీక్ష, తీయించాల్సిందే. పిల్లల్లో వినపడే అమాయకపు చప్పుళ్లు చాలావరకు బిగుసుకునే వేళవే.

అమాయకపు చప్పుళ్లు అంటే నేను పెట్టిన పేరు కాదులెండి, డాక్టర్లూ అలాగే అంటారు. గుండెలో ఏ లోపమూ ఉండదు, చప్పుడు మాత్రం ఉంటుంది. పిల్లల ఛాతీ పల్చన, గుండె చెవికి దగ్గర, రక్తం ఉరకలు. సుమారు సగం మంది పిల్లల్లో ఎప్పుడో ఒకప్పుడు ఇది వినపడుతుందని పిల్లల డాక్టర్ల అంచనా. లండన్ పిల్లల వైద్యుడు జార్జ్ స్టిల్ 1909లో దీన్ని వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. దీని తీరు తమాషాగా ఉంటుంది. పిల్లవాడు పడుకుంటే బాగా వినపడుతుంది, లేచి నిలబడితే తగ్గిపోతుంది. జ్వరమొస్తే పెరుగుతుంది, జ్వరం దిగితే మాయమవుతుంది. ఈడొచ్చేసరికి చాలామందిలో అసలే ఉండదు. దీనికి గోలీలు లేవు, పథ్యం లేదు, ఆటలు మానిపించాల్సిన పనీ లేదు. ఒకసారి డాక్టరు చూసి 'ఏం లేదు' అన్నాక కూడా పిల్లవాణ్ణి పరుగెత్తనివ్వని తల్లిదండ్రుల్ని చూశాను. వాడికి లేని జబ్బును వీళ్లు అంటగడుతున్నారు.

రక్తం తక్కువున్నా చప్పుడొస్తుంది. రక్తహీనతలో రక్తం పల్చనవుతుంది, ఆ లోటు పూడ్చడానికి గుండె ఇంకా వేగంగా తోస్తుంది. పల్చని ద్రవం వేగంగా పోతే సుడులు తేలిగ్గా పుడతాయి. మన తెలంగాణలో సగం మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అలాంటప్పుడు మర్మర్‌కు మందు గుండె డాక్టరు దగ్గర కాదు, ఇనుము గోలీల్లోనూ తోటకూరలోనూ పల్లీపట్టీలోనూ ఉంటుంది. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి, ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తినగానే చాయ్ తాగకండి, అది ఇనుమును పట్టనివ్వదు. కడుపుతో ఉన్నవాళ్లకు ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది కాబట్టి వాళ్లలోనూ చప్పుడు వినపడడం మామూలే.

ఇక మళ్లీ రబ్బరు పైపు దగ్గరికి వద్దాం. ఇరుకుంటేనే చప్పుడు, సాఫీగా పారితే ఉండదు అన్నాం కదా. కింది రెండు గదుల మధ్య గోడకు పుట్టుకతో చిల్లు ఉండే పిల్లలుంటారు. చిల్లు సన్ననిదైతే రక్తం దానిలోంచి చిమ్మినట్టు పోతుంది, చప్పుడు హోరెత్తిపోతుంది, తల్లి అరచేతికి కూడా తెలుస్తుంది. పిల్లవాడు మాత్రం చక్కగా తింటాడు, ఎదుగుతాడు. చాలా సన్న చిల్లులు మొదటి కొన్నేళ్లలో వాటంతటవే పూడుకుంటాయి. చప్పుడు హోరెత్తినా పిల్లవాడు బాగానే ఉండే ఈ సన్న చిల్లు సంగతి ఫ్రెంచి వైద్యుడు ఆన్రీ రోజె 1879లోనే రాసి పెట్టాడు. అదే చిల్లు పెద్దదైతే రక్తానికి ఇరుకే ఉండదు, ధారాళంగా అటు దొర్లిపోతుంది. చప్పుడు తక్కువ, నష్టం ఎక్కువ. ఊపిరితిత్తుల్లోకి రక్తం వరదలా పోయి పసిబిడ్డ ఆయాసపడుతుంది. ఈ బిడ్డను పట్టిచ్చేది స్టెత్ కంటే ముందు తల్లి కన్ను. పాలు తాగుతూ రెండు గుక్కలకోసారి ఆగి రొప్పడం, పాలు తాగేటప్పుడు నుదుటి మీద చెమట పట్టడం, నెలలు గడిచినా బరువు పెరగకపోవడం, మాటిమాటికీ ఛాతీకి సర్ది పట్టడం, ఏడిస్తే పెదాలూ నాలుకా నీలంగా మారడం. కార్డు మీద ఏ అంకె ఉన్నా సరే, ఇవి కనపడితే ఆ పూటే బయల్దేరాలి.

చప్పుడు ఉండటమే ఆరోగ్యమైన చోటు కూడా ఒకటుంది. మా పక్క గల్లీలో నాతో పని చేసిన మిత్రుడొకాయన వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి పోతాడు. దాని కోసం ఆయన ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు. ధమనిలోని ఒత్తిడంతా సిరలోకి దూకుతుంటే అక్కడ ఎప్పుడూ జుమ్మని అదురుతుంటుంది. ఆయన పొద్దున లేవగానే దేవుడి పటం కంటే ముందు ఆ చోట వేళ్లు పెట్టి చూసుకుంటాడు. అదురు ఉంటే ఆ రోజు నిశ్చింత. అదురు లేదంటే లోపల రక్తం గడ్డకట్టిందని అనుమానం, వెంటనే దవాఖానకు పరుగెత్తాలి. మా మనవరాలికి ఆయన చెయ్యి ముట్టుకోవడమంటే సరదా. "తాతా, పిల్లి పడుకున్నట్టుంది లోపల" అంటుంది.

బీపీ చూడటమంటే ఏమనుకున్నారు? మీ చేతిలో మర్మర్ పుట్టించి వినడమే. 1733లో స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు పాదిరి గుర్రం ధమనిలో గొట్టం దించి, రక్తం 8 అడుగులకు పైగా ఎగబాకడం చూసినట్టు రాశాడు. ఆ పద్ధతి మనుషులకు పనికిరాదు కదా. 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచ్చి జబ్బకు గాలి పట్టీ చుట్టి ఒత్తిడి కొలిచే ఉపాయం కనిపెట్టాడు. 1905లో రష్యాలో నికొలాయ్ కొరొత్కోవ్ అనే సర్జన్ ఆ పట్టీ కింద మోచేతి మడతలో స్టెత్ పెట్టి విన్నాడు. పట్టీ ధమనిని పూర్తిగా నొక్కేసినప్పుడు నిశ్శబ్దం, గాలి వదులుతుంటే ఒకచోట టక్ టక్ మని మొదలు. అదే పై అంకె. ఇరుకులోంచి రక్తం దూకినంతసేపూ చప్పుడు. ధమని పూర్తిగా తెరుచుకోగానే మళ్లీ నిశ్శబ్దం. అది కింది అంకె. నల్లా దగ్గర రబ్బరు పైపు చేసిందే చేతిలోనూ జరిగింది. ఇప్పటి బ్యాటరీ మిషన్లు చెవి బదులు పట్టీలో అదురును పట్టుకుంటాయి, అంతే తేడా.

ఆ రెండు అంకెల కోసం జనం పడే పాట్లు చూస్తే నవ్వొస్తుంది. సీతాఫల్‌మండి వైపు నుంచి ఎండలో నడిచొచ్చి, మెడికల్ షాపు ముందు నిలబడే చెయ్యి చాచి, సెల్‌ఫోన్లో మాట్లాడుతూ బీపీ చూపించుకునేవాళ్లున్నారు. వచ్చిన అంకె చూసి గుండె గుభేల్మంటుంది, దానితో మరో పది పెరుగుతుంది. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. కిందికి వేలాడితే ప్రతి అంగుళానికీ సుమారు రెండు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. ఒంటికి వస్తే ముందే పోయొచ్చి కూర్చోవాలి. అరగంట ముందు నుంచి చాయ్, బీడీ బంద్. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనపడుతుంది. 120/80 దగ్గర ఉంటే మేలు. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 దాటుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒక్క పూట అంకె చూసి గోలీ మొదలుపెట్టడమూ తప్పే, ఒక్క పూట బాగుందని గోలీ మానేయడమూ తప్పే. రెండోది మా బస్తీలో ఎక్కువ.

నర్సులు 'వైటల్స్' అంటారే, ఆ నాలుగైదు లెక్కల్లో అందరూ చిన్నచూపు చూసేది ఊపిరిని. మామూలుగా దానికి మిషన్ ఉండదు, మెరిసే అంకె ఉండదు, నిమిషంసేపు ఓపిగ్గా చూడాలి. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20. 'నీ ఊపిరి లెక్కపెడుతున్నా' అని చెప్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు. అందుకని నేర్పున్న నర్సు నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, కళ్లు మాత్రం ఛాతీ మీద పెడుతుంది. పసిపిల్లకైతే నిద్రలోనో, ఏడుపు లేనప్పుడో చొక్కా పైకి తీసి, పొట్ట లేచి దిగడం ఒకటిగా లెక్కపెట్టాలి. పసివాళ్ల ఊపిరి కాసేపు గబగబా ఆడి కాసేపు నెమ్మదిస్తుంది, కాబట్టి పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే కుదరదు, నిండు నిమిషం చూడాల్సిందే. రెండు నెలల్లోపు బిడ్డకు 60, అక్కణ్నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40. దగ్గో సర్దో ఉన్న బిడ్డకు ఆ అంకె వచ్చినా, దాటినా ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వేగపు ఊపిరిగా లెక్కేస్తుంది, నిమోనియా అనుమానించాలంటుంది. పక్కటెముకల కింద డొక్క లోపలికి గుంజుకుపోతుంటే లెక్కతో కూడా పని లేదు, ఆటో ఎక్కడమే.

ఈ ఊపిరి లెక్కకూ మన హైదరాబాదుకూ పాత చుట్టరికం ఉంది. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ మత్తు కోసం క్లోరోఫాం వాడటం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదే హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల ఇంగ్లీషు పిల్ల కాలిగోరు తీయించుకోబోయి ఆ మత్తులోనే చనిపోయింది. అప్పట్నుంచి డాక్టర్ల మధ్య తగాదా. క్లోరోఫాం మొదట ఆపేది గుండెనా, ఊపిరినా? మత్తిచ్చేవాడు వేలు నాడి మీద ఉంచాలా, చూపు ఛాతీ మీద ఉంచాలా? హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా ఉంటూ ఇక్కడి వైద్య పాఠశాలను నడిపిన ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరో చదువు చదివినవాడు. ఊపిరి చూస్తే చాలు, నాడి చూడటం దండగ అని ఆయన పట్టు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టుకోగా 1888లో జంతువుల మీద ప్రయోగాలు చేసి తన మాటే నిజమని తేల్చాడు. లండన్‌లోని 'లాన్సెట్' పత్రిక నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి అంటూ నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు ఓడెక్కి వచ్చాడు. వచ్చేటప్పుడు ఆయన గుండె పక్షం. ఇక్కడ ప్రయోగాలు చూశాక ఊపిరి పక్షానికి మారిపోయి ఆ సంగతి లండన్‌కు తంతి కొట్టాడు. హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ పేరు ప్రపంచమంతా మోగింది. ఆ రోజుల్లో ఇక్కడే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు వైద్యం చేసిన తొలి మహిళల్లో ఒకరుగా పేరు తెచ్చుకుంది.

కథ అక్కడితో అయిపోలేదు. 1911లో లండన్‌లో లెవీ అనే ఆయన పిల్లుల మీద చూపించిందేమిటంటే, క్లోరోఫాం మత్తు సరిగా ఎక్కకుండా పైపైన ఉన్నప్పుడు భయంతో పుట్టే అడ్రినలిన్ తోడైతే గుండె గింగిరాలు తిరిగినట్టు వణికి ఉన్నపళాన ఆగిపోతుంది. అంటే నాడి పక్షం వాళ్లూ ఉత్తపుణ్యానికి అరవలేదు. మోతాదు మించితే ఊపిరి పోతుంది, మత్తు చాలకపోతే గుండె పోవచ్చు. లారీ అంతటి వాడు ఒక్క గుర్తునే నమ్ముకుని రెండోదాన్ని చూడొద్దన్నాడు, అక్కడే దెబ్బతిన్నాడు. ఇవాళ గాంధీ దవాఖాన ఆపరేషన్ థియేటర్లో మానిటరు మీద నాడి, బీపీ, ఆక్సిజన్, ఊపిరి అన్నీ పక్కపక్కనే పరుగులు తీస్తుంటాయి.

నాడి చూడటం మీకు వచ్చే ఉంటుంది. బొటనవేలితో చూడొద్దు, దాని నాడి దానికుంటుంది. చూపుడు, మధ్య వేళ్లు మణికట్టు మీద బొటనవేలి వైపు గాడిలో ఆనిస్తే చాలు. పెద్దవాళ్లకు 60 నుంచి 100. రోజూ మైదానంలో పరుగెత్తే కుర్రాళ్లకు 50 ఉన్నా గాబరా లేదు. పిల్లల నాడి ఊపిరి పీలిస్తే వేగంగా, వదిలితే నెమ్మదిగా కొడుతుంది, అదీ మామూలే. పెద్దవాళ్లలో మాత్రం నాడి ఒక తాళం లేకుండా ఇష్టారాజ్యంగా కొడుతుంటే ఈసీజీ తీయించాలి. అలాంటి గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం. ఒంటి మామూలు వేడి 98.6 అనే అంకె 1868లో జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ వేలాది రోగుల లెక్కలు కూడగట్టి స్థిరపరిచింది. అది గీత గీసినట్టు అందరికీ ఒకటే కాదు, సాయంత్రం కాస్త ఎక్కువే ఉంటుంది. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు కరోనా పుణ్యమా అని ఇంటింటికీ వచ్చింది. 95 పైన ఉంటే మంచిది. గోళ్లరంగు ఉన్నా, వేళ్లు చల్లబడ్డా తప్పు చెప్తుంది. నల్లటి ఒంటివాళ్లకు ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే బుద్ధి కూడా దానికుంది. ఊపిరాడక మనిషి అల్లాడుతుంటే క్లిప్పు మీద 96 ఉందని ఇంట్లో కూర్చోకండి.

ఇంతకూ మన దేశంలో మర్మర్ వెనక నిజంగా భయపడాల్సిన జబ్బొకటుంది. గొంతునొప్పితో మొదలవుతుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరుతుంది. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు, ఇరుకిళ్లలో ఒకే గదిలో ఆరేడుగురు పడుకునే చోట. గొంతు తగ్గిపోతుంది, అందరూ మర్చిపోతారు. రెండు మూడు వారాలకు జ్వరం, మోకాలు వాపు. అది తగ్గేలోగా చీలమండ, తర్వాత మోచెయ్యి, ఇలా నొప్పి కీలు మార్చుకుంటూ తిరుగుతుంది. సూక్ష్మజీవి మీదకు ఒళ్లు పంపిన సైన్యమే పొరబడి తన కీళ్ల మీదా గుండె మీదా పడటం అది. కీళ్లు బాగవుతాయి, గుండె కవాటాలకు మాత్రం మచ్చ మిగులుతుంది. ఈ రుమాటిక్ జ్వరంలో వెనకటి డాక్టర్లు ఒక కిటుకు వాడేవారు. పిల్లవాడు గాఢనిద్రలో ఉన్నప్పుడు నాడి చూడమనేవారు. ఏడుపూ భయమూ లేని నిద్రలో, జ్వరం దిగాక కూడా నాడి పరుగెడుతుంటే గుండెకు తగిలిందన్నమాట. ఒకే 120 అంకె, జ్వరంతో మేలుకుని ఉన్న ఎనిమిదేళ్ల పిల్లవాడికైతే సహజం, జ్వరం లేకుండా నిద్రపోతున్న పిల్లవాడికైతే ప్రమాదం.

మచ్చపడ్డ తలుపులు ఏళ్ల తరబడి బిగుసుకుంటూ పోతాయి. అమ్మాయి పెళ్లయి, కడుపుతో ఉండి, ఒంట్లో రక్తం పెరిగినప్పుడు ఇరుకు తలుపు తట్టుకోలేదు. మెట్లెక్కితే దమ్ము, పడుకుంటే దమ్ము, నాలుగు దిండ్లు పెట్టుకుని కూర్చుని నిద్రపోవడం. 'కడుపుతో ఉన్నవాళ్లకు ఆయాసం మామూలేగా' అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తారు. అక్కడే ప్రాణం మీదకు వస్తుంది. ఈ జబ్బు చప్పుడు ఘోరంగా ఉంటుందనుకునేరు, కాదు. నిండుకునే వేళ వచ్చే చాలా మంద్రమైన బరబర. రోగిని ఎడమ పక్కకు తిప్పి, స్టెత్ గంటవైపును చనుమొన దిగువన తేలిగ్గా ఆనించి, ఫ్యాను ఆపి వింటే గానీ చిక్కదు. తలుపు మరీ ఇరుకై రక్తమే సరిగా పారని దశలో ఆ బరబర ఇంకా సన్నగిల్లవచ్చు. పైపును పూర్తిగా నొక్కేస్తే ఏమైందో గుర్తుందిగా, మొదట్లో గుర్తుపెట్టుకోమన్న ముక్క అదే.

రుమాటిక్ జ్వరం వచ్చిందని తేలితే పెన్సిలిన్ సూది మూడు వారాలకోసారి ఏళ్ల తరబడి వేయించాలి. సూది నొప్పి నిజమే, తుంటి పట్టేసినట్టవుతుంది. అయినా ఒక్కోసారి తప్పిన సూదే మరో దాడికి సందిస్తుంది. తలుపు బిగుసుకున్నవాళ్లకు ఇప్పుడు ఛాతీ కోయకుండా తొడ దగ్గర్నుంచి బెలూను పంపి తెరిచే పద్ధతి ఉంది. జపాన్ సర్జన్ ఇనోవె 1980లలో తెచ్చిన ఉపాయం. అదీ కుదరకపోతే కొత్త కవాటం. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ తయారుచేసిన చిత్ర కవాటాన్ని 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు. లోహపు కవాటం పెట్టించుకున్నవాళ్లకు రాత్రి నిశ్శబ్దంలో తమ ఛాతీలో టిక్కు టిక్కు వినపడుతుంది. ఆ టిక్కు మందగించినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

స్టెత్ అనుమానం పుట్టిస్తుంది, తీర్పు చెప్పేది ఎకో. 1953 అక్టోబరులో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎడ్లర్ అనే గుండె డాక్టరు, హెర్ట్స్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి మొట్టమొదటిసారి శబ్ద తరంగాలతో కొట్టుకునే గుండెను చూశారు. వాళ్లు మొదట అరువు తెచ్చుకున్న మిషన్ ఎక్కడిదనుకున్నారు? ఓడల కార్ఖానాది, ఇనుములో పగుళ్లు వెతికేది. ఆ జాతి మిషన్‌తోనే మా వర్క్‌షాపులో యాక్సిళ్లను పరీక్షించేవాళ్లం. యాక్సిల్ చివర నూనె పూసి, ప్రోబ్ ఆనించి, తెర మీద గీత ఎక్కడ ఎగిరితే అక్కడ పగులు. మా ఇంటావిడకు ఎకో తీస్తుంటే లోపలికి వెళ్లాను, నూనె బదులు జెల్లీ పూశారు, అంతకు మించి నాకేమీ కొత్తగా అనిపించలేదు. సూది లేదు, రేడియేషన్ లేదు. తలుపు ఎంత తెరుచుకుంటోంది, ఎంత కారుతోంది, చిల్లు ఎన్ని మిల్లీమీటర్లు, అన్నీ అందులో కొలతలతో సహా తేలతాయి.

కాబట్టి కార్డు మీద మర్మర్ అని ఉంటే ముందు బస్తీ దవాఖాన డాక్టరుకు చూపించండి. వాళ్లు రాసిస్తే గాంధీ మనకు నడిచిపోయే దూరమే. 2003కు ముందు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఉండేది, ఇప్పుడు ముషీరాబాద్‌లో. పోయేటప్పుడు మూడు సంగతులు రాసుకుని పొండి: బిడ్డ బరువు నెలనెలా ఎంత పెరిగింది, నిద్రలో ఊపిరి ఎంత, ఎప్పుడైనా గొంతునొప్పి తర్వాత కీళ్లు వాచాయా. పాత ఎకో కాగితం ఉంటే తప్పకుండా పట్టుకెళ్లండి, కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి చూస్తే గానీ జబ్బు పెరిగిందో తరిగిందో తెలియదు. కవాటం మార్పించుకున్నవాళ్లు పన్ను పీకించుకునే ముందు ఆ సంగతి పళ్ల డాక్టరుకు చెప్పాలి. నోట్లోని సూక్ష్మజీవులు రక్తంలోకి జారి కొత్త కవాటం మీద గూడు కట్టుకోగలవు. అందుకని ముందుగానే ఒక మోతాదు యాంటీబయాటిక్ ఇస్తారు.